రెండో వైపు

బెంగళూరు, మల్లేశ్వరం

చిరంజీవి తమ్ముడికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన వ్యాసం మంగళవారం అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి రాత్రి భోజనమయ్యాక, రెండోసారి మర్నాడు ఉదయం, ఆ ఆల్బమ్ వింటూ. బీటిల్స్ అనే బ్రిటిష్ రాక్ బృందంలో ఒకడైన పాల్ మెకార్ట్నీ, ఆ బృందం విడిపోయాక 1971 మే నెలలో విడుదల చేసిన ఆల్బమ్ ‘ర్యామ్’ గురించి ఒక కుర్రవాడు కూర్చుని తెలుగులో పన్నెండు పేజీలు రాశాడంటే నాకు ఎంత సంతోషం కలిగిందో ముందే చెప్పేస్తాను, ఎందుకంటే ఇకమీద రాయబోయేవి చాలావరకు అభ్యంతరాలే.

నీ పన్నెండు పేజీల్లో తొమ్మిది బీటిల్స్ నలుగురూ, అంటే పాల్, జాన్ లెనన్, జార్జ్ హారిసన్, రింగో స్టార్ విడిపోవడం గురించే ఉన్నాయి. 1970 ఏప్రిల్‌లో తొలి సోలో ఆల్బమ్ వచ్చే వేళకు పాల్ చేసిన ప్రకటన, ఆ ఏడాది డిసెంబరు 31న లండన్ హైకోర్టులో మిగిలిన ముగ్గురి మీదా వేసిన దావా, ‘ర్యామ్’ మొదటి పాటలో జాన్ లెనన్‌కు తగిలేలా వేసిన చురకలు, దానికి జవాబుగా లెనన్ ‘ఇమాజిన్’ ఆల్బమ్‌లో పాడిన పాట, ఆ పాటకు జార్జ్ హారిసన్ గిటారు వాయించడం, ‘ర్యామ్’ అట్టమీద పాల్ పొట్టేలు కొమ్ములు పట్టుకున్న ఫొటోను వెక్కిరిస్తూ లెనన్ పంది చెవులు పట్టుకుని ఫొటో దిగడం, ఇవన్నీ వరసగా, తప్పుల్లేకుండా రాశావు. పాటలకు మిగిలినవి మూడు పేజీలు. అందులో ఒక పేజీ చార్టుల లెక్క, అంటే ఏ రికార్డు ఏ స్థానంలో నిలిచిందన్న పట్టికల లెక్క.

అన్నదమ్ములు వేరుపడిన ఇంటికి వెళ్ళినవాళ్ళు పప్పులో ఉప్పు సరిపోయిందా అని చూడరు, ఎవరి వాటాకు ఏమొచ్చిందని అడుగుతారు. ఆ రోజుల్లో సమీక్షకులు చేసింది అదే. ఈ రికార్డును పాటల కోసం కాక, విడిపోవడంలో తప్పెవరిదో తేల్చే సాక్ష్యం కోసం విన్నవాళ్ళే ఎక్కువ. భార్య లిండా పేరు తన పేరు పక్కన వేయడం కూడా నేరమైంది. ఆమె నిజంగా పాటలు కట్టిందా అని అనుమానించి, హక్కులున్న సంస్థ కోర్టుకే వెళ్ళింది. ఆ హార్మొనీల్లో ఆమె గొంతు ఏం చేస్తోందో వినిపించుకున్నవాళ్ళు తక్కువ. యాభై ఏళ్ళు దాటాక నువ్వూ ఆ వాటాల లెక్కే చూస్తున్నావు. నా మొదటి అభ్యంతరం ఇది.

రెండోది నీ ముగింపు గురించి. విమర్శకులు తిట్టిపోశారు, కాలం న్యాయం చేసింది అని ముగించావు. చదవడానికి బాగుంది గాని అందులో సగమే నిజం. బ్రిటన్‌లో ఆ ఆల్బమ్ మొదటి స్థానానికి, అమెరికాలో రెండో స్థానానికి వెళ్ళింది. అందులోంచి విడి పాటగా (సింగిల్‌గా) తీసిన ‘అంకుల్ ఆల్బర్ట్’ ఆ సెప్టెంబరులో అమెరికాలో మొదటి స్థానం అందుకుంది, తర్వాతి ఏడాది దాని అరేంజ్‌మెంట్‌కు, అంటే గొంతుకు తోడుగా వాద్యాలను కూర్చిన తీరుకు, గ్రామీ పురస్కారం కూడా వచ్చింది. కొనుక్కున్నవాళ్ళకు అది మొదటినుంచీ నచ్చినట్టే గదా? కాలం న్యాయం చేయవలసిన అవసరం వాళ్ళకు లేదు. నువ్వు ఆదరణ అన్న ఒక్క మాటలో ఇద్దరినీ కలిపేశావు. డబ్బు పెట్టి కొన్నవారి మాట వేరు, పత్రికలో రాసినవారి మాట వేరు, వాటిని విడివిడిగా చూపించు.

అమెరికా సంగీత పత్రిక ‘రోలింగ్ స్టోన్’లో జాన్ లాండౌ అనే విమర్శకుడు ‘ర్యామ్’ మీద రాసిన సమీక్షను నువ్వు మూర్ఖత్వమన్నావు. అరవైల నాటి రాక్ సంగీతం కుళ్ళిపోతున్న క్రమంలో ఇది అట్టడుగు అన్న అర్థం వచ్చేలా అతను రాసిన మాట నిజమే. కాని లాండౌ చెవులు తక్కువవి కావు. తర్వాత అమెరికన్ రాక్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్‌ను గుర్తించి, అతని రికార్డుల నిర్మాణంలో భాగం పంచుకున్నవాడు అతనే. అంతకంటే ముఖ్యమైన విషయమొకటి నీ వ్యాసంలో లేదు. పాల్ 1973 చివర్లో ‘బ్యాండ్ ఆన్ ద రన్’ ఆల్బమ్ విడుదల చేసినప్పుడు, లెనన్ తొలి సోలో ఆల్బమ్ ఒక్కటి మినహాయిస్తే ఆ నలుగురిలో ఎవరు చేసినవాటికంటే గొప్పదని అదే పత్రికలో మెచ్చుకున్నది కూడా ఈ లాండౌయే. అంత బాగా వినగలిగినవాడికి 1971లో ఎందుకు వినపడలేదు? నీ వ్యాసం నిలబడవలసింది ఈ ప్రశ్న మీద.

నాకు తోచిన సమాధానం చెబుతాను, నీకు వేరే తోస్తే అదే రాయి. ‘ర్యామ్’ వచ్చే ముందు ఆరు నెలల్లో రెండు పెద్ద రికార్డులు వచ్చాయి. 1970 నవంబరులో హారిసన్ మూడు ఎల్పీల ‘ఆల్ థింగ్స్ మస్ట్ పాస్’ ఇచ్చాడు, దాని నిండా భక్తీ వైరాగ్యమూ ఉన్నాయి. డిసెంబరులో లెనన్ తల్లిని పోగొట్టుకున్న బాధను గొంతు చించుకుని పాడాడు. రాక్ గాయకుడు సొంతంగా పాడితే ఆత్మకథ అయినా చెప్పాలి, తత్త్వమైనా చెప్పాలి అన్న కొలత ఆ శీతాకాలంలో తయారైంది. ఆ కొలబద్ద పట్టుకున్నవాళ్ళ చేతికి ఈ రికార్డు అందింది. ఇందులో పల్లెటూరి పొలం, ఇల్లూ ఇల్లాలూ, అర్థం లేని మాటలతో ఆటలూ, ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చే బాణీల ముక్కలూ ఉన్నాయి. అది వాళ్ళకు పిల్లలాటగా కనిపించింది. తర్వాతి తరాల్లో ఇంట్లోనే పాటలు రికార్డు చేసుకునేవాళ్ళు పెరిగారు, చిన్న సంగతుల మీద చిన్న పాటలు కట్టడం చిన్నతనం కాదన్న అభిరుచి వచ్చింది. వాళ్ళు తమకు కావలసినది ఈ రికార్డులో దొరికిందని చెప్పడంతో దీని పేరు మళ్ళీ వినిపించింది. 2020లో ‘రోలింగ్ స్టోన్’ ప్రకటించిన 500 ఉత్తమ ఆల్బమ్‌లలో ఇదీ ఉంది.

అలాగని అందులో ఉన్నదంతా బంగారమని రాయకు. ఆరు నిమిషాలు సాగే ‘లాంగ్ హెయిర్డ్ లేడీ’ నాకు ఇప్పటికీ సాగదీతగానే వినిపిస్తుంది. నీకూ అలాగే అనిపిస్తే దాచకుండా రాయి.

ఇదంతా నీకు అధికారంతో చెప్పడం లేదు, నేను చేసిన తప్పు తెలిసి చెబుతున్నాను. ఎనభైల చివర్లో ఈ ఊళ్ళో ఒక రాక్ బృందం చీలిపోయింది. దాని గాయకుడు మన తెలుగువాడే, చిక్కపేటలో బట్టల వ్యాపారం చేసే కుటుంబంవాడు. విడిపోయిన ఏడాదికి తన ఖర్చుతో ఒక క్యాసెట్ తెచ్చాడు. దాన్ని ఒక పత్రికకు సమీక్షించమని నాకిచ్చారు. గొడవ సంగతులు నాకు బాగా తెలుసు గనక వాటితోనే రెండు పేజీలు నింపాను. స్నేహితుల్ని కాదనుకున్న గొంతులో ఒంటరితనం వినిపిస్తోందని రాశాను, నిజానికి నాకు వినిపించింది నేను విన్న కబుర్లే. కొన్నేళ్ళకు కబ్బన్ పార్కులో అతను ఎదురయ్యాడు. కోపం లేదు, నమస్కారం పెట్టి ఒక్కటే అడిగాడు: “రెండో వైపు మూడో పాట విన్నారా, సార్?”

విన్నానన్నాను. ఇంటికొచ్చి పాత పెట్టె దించి ఆ క్యాసెట్ వెతికి పట్టుకున్నాను. టేపు రెండో వైపు రెండో పాట మధ్యలో ఆగి ఉంది. సమీక్ష రాసిన రోజున నేను ఆపేసిన చోటు అది. అక్కడినుంచే నడిపించి విన్నాను. మూడో పాటలో డ్రమ్స్ కోలాటం నడకలో పడుతున్నాయి, కర్రలు తగిలే చోట గిటారు తీగను అరచేత్తో నొక్కి చప్పుడు చేస్తున్నాడు, పైన గొంతు మాత్రం ఏ తొందరా లేకుండా సాగిపోతోంది. అలాంటి ప్రయత్నం ఈ ఊళ్ళో నేను అంతకుముందు వినలేదు. అతను మళ్ళీ క్యాసెట్ చేయలేదు. నా సమీక్ష వల్లనే చేయలేదని అనుకోవడం నన్ను నేను పెద్ద చేసుకోవడమే అవుతుంది, కాని ఆ పాట గురించి ఒక్క వాక్యమైనా అచ్చులో లేకుండా పోవడానికి కారణం నేనే.

ఇక భాష సంగతి. శ్రావ్యమైన గాత్రమనీ, మధురాతిమధురమనీ, హృదయాన్ని తాకిందనీ రాశావు. ఆ మాటలు ఏ పాటకైనా అతుకుతాయి, అందుకే ఈ పాట గురించి ఏమీ చెప్పవు. ‘మంక్‌బెర్రీ మూన్ డిలైట్’లో గొంతు చీరుకుపోయేలా అయిదు నిమిషాలకు పైగా అరుస్తున్న మనిషే ఆ రికార్డులో మరోచోట చిన్న ఉకులేలే మీటుకుంటూ తనలో తాను గొణుక్కుంటాడు. ‘అంకుల్ ఆల్బర్ట్’లో వాన చప్పుడు, నోటితోనే చేసిన టెలిఫోను మోత, ఆ వెంటనే నడక మారిపోయి ఊదు వాయిద్యం దూకి రావడం ఉన్నాయి. వీటిని ఉన్నవి ఉన్నట్టు తెలుగులో చెప్పు చాలు, పొగడ్త పాఠకుడే పూరించుకుంటాడు. గమకం, అనుపల్లవి వంటి మాటలను మాత్రం అరువు తేవద్దు. పల్లవి అంటే సరిపోతుంది గాని, అనుపల్లవి అన్నావంటే ఆ పాటలో లేని నిర్మాణాన్ని ఉందని చెప్పినట్టవుతుంది. హార్మొనీని హార్మొనీ అనే రాయి, మన పాఠకులకు తెలిసిన మాటే.

కోర్టు సంగతులను ఒక పేరాకు కుదించు. లాండౌ రాసిన రెండు సమీక్షలనూ పక్కపక్కన పెట్టు. ఆల్బమ్ చివరి పాట, కారు వెనక సీటులోని ఇద్దరు ప్రేమికుల పాట గురించి నీ పన్నెండు పేజీల్లో ఎక్కడా ప్రస్తావన లేదు. పెద్ద ఆర్కెస్ట్రా తోడై పాట పైకి లేస్తూ, కిందికి దిగుతూ, మళ్ళీ లేస్తూ ఉంటుంది. బ్రిటన్‌లో దాన్నే సింగిల్‌గా తీస్తే 39వ స్థానం దాటలేదు. నువ్వు అక్కడిదాకా విన్నావో లేదో నేను అడగను. వచ్చే ఆదివారం ఉదయం ఎనిమిదింటికి కబ్బన్ పార్కులో బ్యాండ్ స్టాండ్ దగ్గర ఉంటాను. ఆ పాట మీద ఒక పేజీ రాసుకుని రా.

ఇట్లు,
నీ మాస్టారు