సమాధానం: ముంబై సర్వర్ పడిపోయినా ట్రాఫిక్ హైదరాబాద్‌కు మళ్లట్లేదు

ముంబై, హైదరాబాద్ సర్వర్లలో ఒకటి ఆగితే ట్రాఫిక్ రెండోదానికి ఎందుకు వెళ్లట్లేదని అడిగారు కదా. రూట్ 53లో (సైట్ పేరుకు సర్వర్ ఐపీ చెప్పే అమెజాన్ డీఎన్ఎస్ సేవ) మీ లేటెన్సీ రికార్డులకు (త్వరగా అందే సర్వర్‌కు జనాన్ని పంపేవి) హెల్త్ చెక్ (సర్వర్ పనిచేస్తోందా అని చూసే పరీక్ష) తగిలించి ఉండరు. చెక్ లేని రికార్డును అది ఎప్పుడూ బాగున్నట్టే లెక్కేస్తుంది. అందుకే ముంబై ఆగిపోయినా జనాన్ని అక్కడికే పంపుతోంది.

చాలామంది దాటేసేది ఇదే: హెల్త్ చెక్ తయారుచేస్తారు, అది ఎర్రగా మారడం కూడా చూస్తారు, కానీ రికార్డుకు జతచేయరు.

1. రెండు రికార్డులనూ ఎడిట్ చేసి, దేని చెక్ దానికి ఎంచుకోండి. రికార్డు నేరుగా ఐపీకి కాకుండా లోడ్ బ్యాలెన్సర్‌కు (ట్రాఫిక్‌ను సర్వర్లకు పంచేది) చూపే అలియాస్ అయితే ‘ఇవాల్యుయేట్ టార్గెట్ హెల్త్’ ఆన్ చేస్తే చాలు.

2. చెక్ హోమ్ పేజీ మీద పెట్టొద్దు. క్యాష్‌లోంచి (ముందే దాచిన కాపీ నుంచి) వచ్చే పేజీ, డేటాబేస్ చచ్చిపోయినా 200 (అంతా బాగుందనే కోడ్) ఇస్తూనే ఉంటుంది. డేటాబేస్‌ను ఓసారి అడిగి జవాబిచ్చే చిన్న పేజీ రాయండి, దయచేసి ఇది వదలకండి.

3. టీటీఎల్ (డీఎన్ఎస్ జవాబును ఎన్ని సెకన్లు గుర్తుంచుకోవాలో చెప్పేది) 60 చేయండి. మీరు పెట్టిన 86400 అంటే కొందరికి రోజంతా పాత ఐపీనే.

4. ఫైర్‌వాల్ రూట్ 53 చెకర్ల (హెల్త్ చెక్ చేసే సర్వర్ల) ఐపీలను ఆపకూడదు, ఆపితే చెక్ ఫెయిలవుతుంది. రెండు చోట్లా ఫెయిలైతే రూట్ 53 రెండింటినీ బాగున్నట్టే తీసుకుంటుంది.

చెక్ 30 సెకన్లకోసారి, వరుసగా 3 ఫెయిల్స్ అని ఉంచితే, ముంబైలో వెబ్ సర్వర్ ఆపి డిగ్ (డీఎన్ఎస్ ఏ ఐపీ ఇస్తోందో చూపే కమాండ్) కొట్టండి. సుమారు మూడు నిమిషాల్లో హైదరాబాద్ ఐపీ రావాలి.