నాలుగు లైన్ల ఇసుక

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ మొన్న శనివారం అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి పదకొండో పేజీ దగ్గర కోపం వచ్చి పక్కన పెట్టేశాను. రాత్రి నిద్ర పట్టక మళ్లీ తీస్తే మూడో పేజీలో నాలుగు లైన్లు కనిపించాయి. మొదటిసారి వాటిని ఎలా దాటిపోయానో తెలియదు. ఈ ఉత్తరం ఆ నాలుగు లైన్ల కోసమే రాస్తున్నాను. నాకంటే నలభై ఏళ్లు చిన్నవాడివి కాబట్టి నువ్వు అనే అంటాను, ఏమీ అనుకోకు.

ముందు కోపం సంగతి చెప్పేస్తాను. హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేసుకునే కొత్త జంట మూడు రోజుల సెలవు దొరికితే గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి పొద్దున్నే వైజాగ్‌లో దిగారు. బాగుంది. ఆ సాయంత్రం వాళ్లని రుషికొండ ఒడ్డున కూర్చోబెట్టి 'ఎర్రని సూర్యుడు మెల్లగా సముద్రంలోకి జారిపోయాడు' అని రాశావు. బాబూ, మాకు సముద్రం తూర్పున ఉంది. సూర్యుడు అందులోంచి వస్తాడు, అందులోకి పోడు. సాయంత్రం మన వెనకున్న కొండల చాటుకి వెళ్తాడు. అప్పుడు ఏమవుతుందో చెప్తాను విను. కొండ నీడ ముందు ఇసుక మీద పడుతుంది. మనం కూర్చున్న చోటు చల్లబడుతుంది. దూరంగా నీళ్ల మీద మాత్రం ఇంకా ఎండ ఉంటుంది, పోర్టు బయట ఆగిన ఓడలు ఆ ఎండలో తెల్లగా మెరుస్తుంటాయి. పౌర్ణమి నాడైతే కాసేపటికే చంద్రుడు నీళ్లలోంచి లేస్తాడు. ఇన్ని ఉన్న చోటికి నువ్వు సినిమాల్లో చూసిన గోవా సూర్యుణ్ణి తెచ్చి పెట్టావు.

మర్నాడు వాళ్లు ఆర్కే బీచ్‌లో కుర్సురా సబ్‌మెరైన్ చూడటానికి వెళ్లారు. అది 1969లో నౌకాదళంలో చేరిందనీ, 2001లో విరమించిందనీ, 2002 నుంచి మ్యూజియంగా ఉందనీ రాశావు. అవన్నీ నిజమే, బోర్డు మీద చదవొచ్చు. కానీ ఆ తర్వాత వాక్యంలో 'ఇద్దరూ చేతులు పట్టుకుని లోపలంతా తిరిగారు' అన్నావు. లోపల ఇద్దరు పక్కపక్కన నడిచే చోటెక్కడుంది? ఒక గదిలోంచి ఇంకో గదిలోకి గుండ్రటి కంత గుండా వంగి, ఒక కాలు ముందు పెట్టి దూరాలి. చెయ్యి వదలక తప్పదు. ఎవరు ముందు దూరారు? వెనకవాళ్ల హ్యాండ్‌బ్యాగు ఎవరు అందుకున్నారు? పెళ్లయి నాలుగు నెలలైన వాళ్ల మధ్య అక్కడ ఎన్ని జరుగుతాయో! అన్నిటినీ వదిలేసి సంవత్సరాలు రాసుకున్నావు. పైగా కథ మే నెలలో నడుస్తోంది, మూడోరోజు తెల్లారేసరికి మరబోట్లు చేపలతో వచ్చేశాయి. మాకు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, వేట నిషేధం. మరబోట్లన్నీ హార్బర్‌లో ఒకదాని పక్కన ఒకటి కట్టేసి ఉంటాయి. తెడ్డు వేసుకునే తెప్పలకి మాత్రం నిషేధం లేదు. ఒక్క తెప్ప ఒడ్డుకి వస్తే చుట్టూ ఎంతమంది మూగుతారో నువ్వు చూసి ఉంటే కథ ఇంకోలా ఉండేది.

ఇవన్నీ దిద్దుకోవచ్చు. పదకొండో పేజీ అలా దిద్దుకునేది కాదు. అక్కడ అబ్బాయిని కెరటం లాక్కుపోతుంది. అమ్మాయి చున్నీ విసురుతుంది. అతను అది పట్టుకుని బతుకుతాడు, ఇద్దరూ ఏడుస్తారు, ప్రేమంటే ఏమిటో ఆ క్షణంలో వాళ్లకి అర్థమవుతుంది. రెండున్నర పేజీలు!

నేను ఈ ఒడ్డున నలభై ఏళ్లకి పైగా ఉంటున్నాను. కెరటాలు విరుగుతున్న చోట్ల మధ్యలో ఒక్కోచోట నీళ్లు నిమ్మళంగా కనిపిస్తాయి. అక్కడ కెరటం లేదు కదా అని కొత్తవాళ్లు దిగుతారు. లోపలికి లాగే పాయ ఉండేది అక్కడే. దానికి ఎదురీదితే ఎంత బలవంతుడైనా అలిసిపోతాడు. ఒడ్డు వెంబడే పక్కకి ఈది ఆ పాయలోంచి బయటపడాలి. ఈత రాని పిల్లలకి ఆ సంగతి ఎవరు చెప్తారు? చాలాసార్లు కేక కూడా వినపడదు. ఆ తర్వాత గజ ఈతగాళ్లు వెతుకుతుంటే కాలేజీ పిల్లల అమ్మానాన్నలు ఇసుకలో అలాగే కూర్చుని ఉంటారు. అలా కూర్చున్నవాళ్లకి నేను మంచినీళ్లు ఇచ్చాను. చున్నీ విసిరితే మనిషి తిరిగొచ్చే కథ వాళ్ల ముందు చదవగలవా?

నీకు అక్కడ కెరటం ఎందుకు కావాల్సి వచ్చిందో నాకు తెలుసు. అదే తప్పు నేనూ చేశాను కాబట్టి తెలుసు.

పెళ్లయిన కొత్తలో మేం అల్లిపురంలో ఉండేవాళ్లం. రెండు గదులు, ఎనిమిదిమంది. మేమిద్దరం మాట్లాడుకోవాలంటే పెరట్లో నుయ్యి తప్ప వేరే చోటు లేదు. ఒక ఆదివారం మా అత్తగారితో సింహాచలం వెళ్తున్నామని చెప్పి భీమిలి బస్సెక్కాం. అబద్ధం చెప్పడం ఇద్దరికీ అదే మొదలు. బస్సులో భయంతో ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. భీమిలిలో చేసిందేమీ లేదు. ఒలందుల, అంటే డచ్చివాళ్ల, సమాధుల దగ్గర గోడ నీడలో కూర్చుని ఇంటి నుంచి తెచ్చుకున్న చల్దన్నం తిన్నాం. గోస్తనీ సముద్రంలో కలిసే చోటికి నడిచాం. ఆయన ప్యాంటు మడిచి మోకాళ్ల దాకా దిగి, 'ఇటు కాలు ఉప్పగా ఉంది, అటు కాలు చప్పగా ఉంది' అన్నారు. తిరిగొచ్చేటప్పుడు గుర్తొచ్చింది, ప్రసాదం ఏదీ? బస్సు డబ్బులు పోగా చేతిలో ముప్ఫై పైసలున్నాయి. ఆయన దుకాణంలో కుంకం కొని ఇద్దరికీ నుదుట పెట్టారు, జనం ఎక్కువగా ఉండి ప్రసాదం అయిపోయిందని చెబ్దామన్నారు. ఇంటికెళ్లాక అత్తగారు నా చీర కుచ్చిళ్లకేసి చూసి, 'సింహాచలం కొండమీద కూడా ఇసుకుంటుందేమిటే?' అని ఒక్క మాట అని లోపలికి వెళ్లిపోయారు. రాత్రి అన్నం వడ్డించేటప్పుడు మా ఇద్దరికీ నెయ్యి కాస్త ఎక్కువే వేశారు.

నేను మొదట రాసిన కథ అదే. ఒక వారపత్రికకి పంపాను. తిరిగొచ్చింది. 'శైలి బాగుంది. కానీ ఇందులో ఏం జరిగింది? కొసమెరుపు లేదు' అని సంపాదకుడి చీటీ. ఆ రోజుల్లో ఆయన మాటంటే వేదం. నేను మూడు రాత్రులు కూర్చుని కొసమెరుపు పెట్టాను. గోస్తనీ మొగ దగ్గర భర్తని కెరటం తీసుకుపోయింది. ఇంట్లో అత్తగారు ప్రసాదం కోసం ఎదురుచూస్తూ ఉంటుంది, కథ అయిపోతుంది. పండగ పోటీలో బహుమతి వచ్చింది. నూటయాభై రూపాయల మనియార్డరు పోస్ట్‌మ్యాన్ తెస్తే వీధంతా చూసింది.

మా ఆయన ఆ కథ రాత్రి దీపం దగ్గర చదివారు. బాగా రాశావు అన్నారు. పత్రిక మడిచి ట్రంకుపెట్టెలో అడుగున పెట్టారు. ఆ తర్వాత నేను ఎప్పుడు భీమిలి వెళ్దామన్నా ఏదో పని చెప్పేవారు. కోపం లేదు, మాట కూడా అనలేదు. ఆయన పోయి ఆరేళ్లయింది. ఆస్పత్రి మంచం మీద, షుగర్ ముదిరి. ఇప్పుడు ఆ ఆదివారాన్ని తలుచుకుందామని కళ్లు మూసుకుంటే, మడిచిన ప్యాంటుతో నీళ్లలో నిలబడ్డ మనిషి కనిపించేలోపు నేను రాసిన కెరటం అడ్డం వస్తుంది. లేని కెరటం! ఉన్న రోజుని నూటయాభై రూపాయలకి ఇచ్చేశాను.

అందుకే చెప్తున్నాను, సంతోషంగా గడిచిన రోజు దానంతట అదే కథ. దానికి చావునో, చావు దాకా వెళ్లిరావడాన్నో తగిలించి విలువ పెంచాలనుకోకు. మా కాలంలో కొసమెరుపు అడిగేవారు, ఇప్పుడు సమస్య అడుగుతున్నారు. 'ఇందులో ఏ సమస్యని చర్చించారు?' అని పోటీల న్యాయనిర్ణేతలు అడగడం నేనే విన్నాను. ఇద్దరు మనుషులు ఒకరికొకరు అలవాటు పడటం వాళ్లకి సమస్యగా కనిపించదు. మన కథ పుట్టిందే అక్కడ. 1902లో భండారు అచ్చమాంబ 'ధనత్రయోదశి' రాస్తే అందులో ఉన్నది బీద దంపతులు. ఇంటికి తెచ్చిన పరాయి సొమ్ముని భార్య ఒప్పించి వెనక్కి ఇప్పిస్తుంది. 1910లో గురజాడ 'దిద్దుబాటు' వచ్చింది. భర్త రాత్రి ఆలస్యంగా ఇంటికొస్తాడు, భార్య ఉత్తరం రాసిపెట్టి మంచం కింద దాక్కుంటుంది. మెరుపుంది, కాదనను. కానీ ఆ మెరుపు మంచం కింద నవ్వులోంచి వచ్చింది. మొదటి కథ ఏదని మనవాళ్లు ఈనాటికీ తగువులాడుతూనే ఉన్నారు. ఈ రెంటిలో ఏది మొదటిదైనా అందులో ఉన్నది ఒక ఇల్లు, ఒక జంట. ఎవరూ మునిగిపోలేదు.

ఇక మూడో పేజీ. నువ్వు రాసింది నీకే గుర్తుందో లేదో. బీచ్ నుంచి లాడ్జికి వచ్చి ఇద్దరూ స్నానాలు చేస్తారు. ఒంటి మీది ఇసుకంతా వెళ్లి బాత్రూమ్ తూములో అడ్డం పడుతుంది. నీళ్లు గుమ్మం దాకా వచ్చేస్తాయి. లాడ్జివాడు చూస్తే డబ్బులు కట్టమంటాడని ఇద్దరికీ టెన్షన్. గొంతుక్కూర్చుని అతను దువ్వెన కాడతో గెలుకుతుంటే ఆమె దోసిలితో ఇసుక తీసి క్యారీబ్యాగులో పోస్తుంది. ఆ సంచీని చెత్తబుట్టలో వెయ్యడానికి మనసొప్పక, రాత్రి పదింటికి మళ్లీ రోడ్డు దాటి తీసుకెళ్లి బీచ్‌లో పోసి వస్తారు.

ఇది నీ బుర్రలో పుట్టింది కాదని నాకు తెలుసు. ఇలాంటిది ఎవరూ కల్పించలేరు, జరిగి ఉండాలి. దీన్ని నాలుగు లైన్లలో ముగించి, చున్నీకి రెండున్నర పేజీలిచ్చావు.

నాకు ఆ రాత్రి కావాలి. దువ్వెన ఎవరిది? విరిగిందా? తడిసిన సంచీ కారకుండా కింద చెయ్యి ఎవరు పెట్టారు? రిసెప్షన్ ముందు నుంచి దాన్ని ఎలా దాటించారు, అందులో ఏముందని ఎవరైనా అడిగారా? పోసేటప్పుడు నీళ్ల దాకా వెళ్లారా, రోడ్డు పక్కనే గుమ్మరించి వచ్చేశారా? ఇసుక పోసి వచ్చేటప్పుడు కాళ్లకి మళ్లీ ఇసుక అంటుకుని ఉంటుంది కదా, మళ్లీ ఆ బాత్రూమ్‌లోనే కడుక్కున్నారా? ఇవి రాస్తే నువ్వు ప్రేమ అన్న మాట ఎక్కడా వాడక్కర్లేదు. ఇప్పుడు నీ కథలో ఆ మాట పంతొమ్మిదిసార్లు ఉంది, పెన్సిల్‌తో గీత పెట్టాను.

భాష గురించి అడిగావు. వాళ్లిద్దరూ జనగామ వాళ్లయితే జనగామ మాటే మాట్లాడనీ. తూములో చెయ్యి పెట్టి ఇసుక తీసేవాడి నోట పుస్తకం భాష రాదు. చదివేవాళ్లకి అర్థం కాదేమో అన్న భయం వదిలెయ్యి. మా కెరటాన్ని వాళ్లు అర్థం చేసుకున్నప్పుడు, వాళ్ల మాటని మేం అర్థం చేసుకోలేమా?

మళ్లీ వైజాగ్ వస్తే స్టేషన్ దగ్గర 900కె బస్సెక్కి కిటికీ పక్కన, సముద్రం వైపు కూర్చుని భీమిలి దాకా వెళ్లు. మీ ఆవిడని కూడా తీసుకురా. ఆ దువ్వెన సంగతి ఆమె నీకంటే బాగా చెప్తుందని నా నమ్మకం. ఎర్రమట్టి దిబ్బలు దాటాక నాలుగింటికల్లా మొగ దగ్గరికి చేరితే నీళ్లలో దిగకుండా ఒడ్డునే నిలబడి చూడండి. ఆయన నిలబడింది కుడివైపున.

నీ కాగితాలు తిప్పి పంపుతున్నాను. మూడో పేజీ మాత్రం నా దగ్గరే ఉంచుకున్నాను, దాన్ని చూసి దిద్దకుండా మొదటి నుంచి రాస్తావని. రాసింది పోస్టులోనే పంపు. ఫోన్‌లో అక్షరాలు నా కంటికి ఆనడం లేదు.

ఇట్లు,
మీ పెద్దమ్మ లాంటి మనిషి