వీపీఎన్ కనెక్ట్ అవుతోంది, ఆఫీసు షేర్డ్ ఫోల్డర్ మాత్రం సరిగ్గా పనిచేయట్లేదు: ఏం చూడాలి?

మీరు చెప్పింది నాకు అర్థమైనంత వరకు ఇదీ సంగతి. ఇంటి నుంచి వీపీఎన్, అంటే ఇంటర్నెట్ మీదుగా ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్లే రహస్య దారి, కనెక్ట్ అవుతోంది. ఫైల్ సర్వర్‌కి పింగ్ (అవతలి మెషిన్ పలుకుతోందా అని చూసే చిన్న పరీక్ష) కూడా వెళ్తోంది. ఆఫీసులో వాడే పేరుతో ఫోల్డర్ తెరవబోతే ఎర్రర్ 53, అంటే నెట్‌వర్క్ పాత్ దొరకలేదని వస్తోంది. ఐపీ అడ్రస్ కొడితే తెరుచుకుంటోంది గానీ పెద్ద ఫైల్ కాపీ మధ్యలో బిగుసుకుపోతోంది. వీపీఎన్ సాఫ్ట్‌వేర్‌ని రెండుసార్లు తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేశానన్నారు. ఇక ఆ పని చేయకండి, అందులో లోపం ఉన్నట్టు లేదు. మీకున్నవి రెండు వేర్వేరు సమస్యలు, ఒకదానికి ఒకటి సంబంధం లేదు. మా ఆఫీసు సర్వర్ చూసుకునేది నేనే. ఈ రెండూ ఒకేసారి వచ్చినప్పుడు ఒకే జబ్బనుకుని రెండు వారాలు వెతికాను. విడదీశాక ఒక్క పూటలో తేలిపోయింది.

ముందు పేరు సంగతి. ఆఫీసులో కూర్చున్నప్పుడు ల్యాప్‌టాప్ "ఈ పేరు ఎవరిది?" అని చుట్టుపక్కల ఉన్న మెషిన్లన్నిటికీ వినపడేలా అడుగుతుంది. ఇలా పేరు వెతికే పద్ధతులు నెట్‌బయాస్, ఎల్ఎల్ఎమ్ఎన్ఆర్, ఎమ్‌డీఎన్ఎస్ అని మూడున్నాయి, ఏదైనా తీరు అదే. సర్వర్ "నేనే" అంటుంది, ఫోల్డర్ తెరుచుకుంటుంది. ఆ పిలుపు రౌటర్ దాటి పోదు. మామూలు వీపీఎన్ కూడా దాన్ని అవతలికి మోయదు. అందుకే నెట్‌వర్క్ లిస్టులో సర్వర్ కనిపించడం లేదని కంగారు పడనక్కర్లేదు, వీపీఎన్ మీద అది కనిపించకపోవడమే సహజం.

దీనికి సరైన మందు డీఎన్ఎస్, అంటే పేరు అడిగితే ఐపీ అడ్రస్ చెప్పే వ్యవస్థ. వీపీఎన్ సెట్టింగుల్లో ఆఫీసు డీఎన్ఎస్ సర్వర్ ఐపీ ఇవ్వాలి, పేరు కొట్టేటప్పుడు డొమైన్‌తో కలిపి పూర్తి పేరు కొట్టాలి. కమాండ్ ప్రాంప్ట్‌లో ఎన్ఎస్‌లుకప్ (nslookup) కమాండ్‌తో ఆ పూర్తి పేరు అడిగి చూడండి. జవాబిచ్చింది మీ ఇంటి రౌటరా, ఆఫీసు డీఎన్ఎస్సా అన్నది పై రెండు లైన్లలోనే తెలుస్తుంది. ఆఫీసులో డీఎన్ఎస్ సర్వరే లేకపోతే ల్యాప్‌టాప్‌లో పేర్లూ వాటి ఐపీలూ రాసుకునే హోస్ట్స్ ఫైల్లో ఒక లైను రాసుకుంటే సరిపోతుంది. సర్వర్ ఐపీ మారకుండా ఫిక్స్ చేసి ఉంచితేనే సుమా. ఎలాగూ ఐపీతో తెరుచుకుంటోంది కదా అని దానికే అలవాటు పడకండి. లాగిన్ సరిచూడడానికి విండోస్ డొమైన్‌లో పేరుతో వెళ్తే కెర్బెరోస్ అనే పద్ధతి, ఐపీతో వెళ్తే సాధారణంగా ఎన్‌టీఎల్ఎమ్ అనే పాత పద్ధతి వాడుతుంది. రేపు అడ్మిన్ ఎన్‌టీఎల్ఎమ్ ఆపేస్తే మీ దారి మూసుకుపోతుంది.

పింగ్ గురించి ఒక మాట. పింగ్ వచ్చిందంటే ఫైల్ షేరింగ్ అందుతున్నట్టు కాదు. పింగ్ వెళ్లేది ఐసీఎమ్‌పీ అనే వేరే రకం సందేశాలతో, ఫోల్డర్ తెరుచుకునేది టీసీపీ పోర్ట్ 445 అనే తలుపు గుండా. విండోస్ ఫైర్‌వాల్‌లో ఫైల్ షేరింగ్ రూల్ చాలాసార్లు లోకల్ సబ్‌నెట్‌కి (అదే ఐపీ సిరీస్‌లో ఉన్న మెషిన్లకి) మాత్రమే తెరిచి ఉంటుంది, వీపీఎన్ వాళ్లు వేరే సబ్‌నెట్ నుంచి వస్తారు. పవర్‌షెల్‌లో టెస్ట్-నెట్‌కనెక్షన్ (Test-NetConnection) కమాండ్‌కి పోర్ట్ 445 ఇచ్చి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. మా సహోద్యోగి ఒకరు "పింగ్ వస్తోంది, ఫోల్డర్ రాదు" అని రోజంతా అవస్థ పడ్డారు. వీపీఎన్ ఆపేసి మళ్లీ పింగ్ చేయమన్నాను. అప్పుడూ జవాబు వచ్చింది! ఇల్లూ ఆఫీసూ రెండూ 192.168.1 సిరీస్‌లోనే ఉన్నాయి, జవాబిస్తున్నది సర్వర్ ఐపీయే ఉన్న ఆయన ఇంటి ప్రింటర్. ఇంటి రౌటర్‌లో సిరీస్ మార్చాక కుదిరింది. మీకు ఐపీతో మీ ఫోల్డరే తెరుచుకుంటోంది కాబట్టి ఈ రెండు గొడవలూ లేనట్టే. ఇదే ఇబ్బందితో ఇక్కడికి వచ్చే మిగతావాళ్ల కోసం చెప్పాను.

ఇక మిమ్మల్ని అసలు ఏడిపిస్తున్నది రెండోది, కాపీ ఆగిపోవడం. దాన్ని నేను పట్టుకున్నది ఒక చిన్న విషయం గమనించి. మా షేర్‌లో పదీ పన్నెండు ఫైళ్లున్న ఫోల్డర్ క్లిక్ చేయగానే తెరుచుకునేది. రెండు వేల స్కాన్లున్న ఫోల్డర్ మాత్రం పచ్చ గీత సగం దాకా పాకి అక్కడే నిలబడేది. అదే సర్వర్, అదే పాస్‌వర్డ్, అవే పర్మిషన్లు. తేడా అల్లా సర్వర్ పంపే జవాబు సైజులోనే. చిన్న ప్యాకెట్లు దాటుతున్నాయి, పెద్దవి దారిలో రాలిపోతున్నాయి. అంటే ఇది ఎమ్‌టీయూ, అంటే ఒక ప్యాకెట్ ఎంత పెద్దదిగా ఉండొచ్చన్న పరిమితి, సమస్య.

ఈథర్‌నెట్‌లో ఒక ప్యాకెట్ 1500 బైట్ల దాకా ఉండొచ్చు. వీపీఎన్ ప్రతి ప్యాకెట్‌కీ తన కవరు చుడుతుంది కాబట్టి లోపలి ప్యాకెట్ అంతకంటే చిన్నదిగా ఉండాలి. వైర్‌గార్డ్ అనే వీపీఎన్ మామూలుగా 1420 పెట్టుకునేది అందుకే. దారిలో పీపీపీఓఈ లైనో (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో కలిసే బ్రాడ్‌బ్యాండ్) మొబైల్ హాట్‌స్పాటో ఉంటే పరిమితి ఇంకా తగ్గుతుంది. "ఇంత పెద్దది పట్టదు" అని వెనక్కి చెప్పాల్సిన ఐసీఎమ్‌పీ సందేశాన్ని మధ్యలో ఏదో ఫైర్‌వాల్ ఆపేస్తే పంపినవాళ్లకు సంగతే తెలియదు. మళ్లీ మళ్లీ అదే సైజు పంపుతూ ఉంటారు.

మీరే కొలుచుకోవచ్చు. వీపీఎన్ కనెక్ట్ చేసి, కమాండ్ ప్రాంప్ట్‌లో సర్వర్‌కి పింగ్ కొడుతూ, ముక్కలు చేయొద్దని చెప్పే ఎఫ్ (-f) ఆప్షన్, సైజు చెప్పే ఎల్ (-l) ఆప్షన్ కలపండి. మీరిచ్చే సైజుకు హెడర్ల 28 బైట్లు కలుస్తాయి. నాకు 1392 ఇస్తే, అంటే మొత్తం 1420, రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్. 1352 ఇస్తే ఠక్కున జవాబు. ఇక్కడ జవాబు ఎలా వచ్చిందో జాగ్రత్తగా చదవండి. ముక్కలు చేయాలని మెసేజ్ వస్తే మంచిదే, పరిమితి సిస్టమ్‌కి తెలుసు. ఏ మెసేజూ లేకుండా టైమవుట్ అవుతూ, సైజు తగ్గించగానే జవాబు వస్తే ప్యాకెట్లు చప్పుడు లేకుండా పోతున్నట్టు.

నేను ల్యాప్‌టాప్‌లో వీపీఎన్ ఎమ్‌టీయూ 1380కి దించాను. ఫైళ్లు వచ్చేది సర్వర్ నుంచి కదా, ఇటు తగ్గిస్తే ఏం లాభం అని మీకు అనిపించొచ్చు. కనెక్షన్ మొదట్లోనే ల్యాప్‌టాప్ "నాకు ఇంతకంటే పెద్ద ముక్కలు పంపకు" అని ఎమ్ఎస్ఎస్ రూపంలో చెబుతుంది, సర్వర్ దానికి లోబడుతుంది. ఎమ్‌టీయూ మార్చి వీపీఎన్ ఆపి మళ్లీ కనెక్ట్ చేశాక ఆ రెండు వేల ఫైళ్ల ఫోల్డర్ తెరిచాను. ఒక్క క్షణం ఆగి, లిస్టంతా వచ్చేసింది. చాలామందికి ఇదే ఇబ్బంది ఉంటే ఒక్కో ల్యాప్‌టాప్ మార్చే బదులు వీపీఎన్ రౌటర్ మీద ఎమ్ఎస్ఎస్ క్లాంపింగ్ (అందరి ఎమ్ఎస్ఎస్‌నీ రౌటరే తగ్గించే సెట్టింగ్) పెట్టమని అడ్మిన్‌ని అడగండి.

కింద ఒకరు రౌటర్‌లో 445 పోర్ట్ ఇంటర్నెట్‌కి తెరిచేస్తే వీపీఎన్ గొడవే ఉండదని సలహా ఇచ్చారు. దయచేసి ఆ పని చేయకండి. 2017 మే నెలలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగిన వానాక్రై వైరస్ పాకింది ఆ పోర్ట్ మీద నుంచే, దాన్ని ఆపే ప్యాచ్ మార్చిలోనే వచ్చినా వేసుకోని మెషిన్లు ఎన్నో దెబ్బతిన్నాయి. ఫైల్ షేరింగ్‌కి వాడే ఎస్ఎమ్‌బీలో పాత రకమైన ఎస్ఎమ్‌బీ 1 ఆన్ చేయమని ఎవరైనా చెప్పినా వినకండి.

అన్నీ కుదిరాక కూడా ఆఫీసులో ఉన్నంత వేగం ఆశించకండి. ఫోల్డర్ తెరవడానికి, ఫైల్ సేవ్ చేయడానికి ల్యాప్‌టాప్, సర్వర్ మధ్య ఎన్నోసార్లు అటూ ఇటూ మాటలు నడుస్తాయి, ప్రతిసారీ దూరం లెక్కలోకి వస్తుంది. పెద్ద ఎక్సెల్ ఫైళ్లను ల్యాప్‌టాప్‌కి కాపీ చేసుకుని పని చేసి తిరిగి పెట్టండి. అకౌంటింగ్ డేటా, యాక్సెస్ డేటాబేస్ లాంటివైతే వీపీఎన్ మీద నేరుగా తెరవకండి, మధ్యలో లైన్ తెగితే ఫైలే పాడవ్వొచ్చు. వాటికి రిమోట్ డెస్క్‌టాప్‌తో ఆఫీసు మెషిన్‌లోకి వెళ్లడమే మేలు.

పింగ్ కొలత తీశాక ఎంత సైజు దగ్గర జవాబు ఆగిపోయిందో, మీది ఏ రకం వీపీఎన్నో ఇక్కడే రాయండి. ఎమ్‌టీయూ ఎంత పెట్టాలో లెక్క కట్టి చెబుతాను.