నాటకం చూసి, తీపి తిని రావడానికి హైదరాబాద్‌లో ఏ హాలు, ఏ కొట్టు?

మీ ప్రశ్న ఇదీ: ఈమధ్యే హైదరాబాద్ వచ్చారు. ఇంట్లో అమ్మానాన్నలు, ఎనిమిదేళ్ల పాప ఉన్నారు. నెలకోసారైనా అందరినీ స్టేజీ నాటకానికి తీసుకెళ్లి, వచ్చేటప్పుడు మంచి తీపి ఏదైనా తినిపించాలి. ఎక్కడికి వెళ్లాలి, ఎలా వెళ్లాలి అని అడిగారు.

ముందు హాలు చూసుకోండి, హాలును బట్టి మిఠాయి కొట్టు చూసుకోండి. కొట్టు ముందు అనుకుని బయల్దేరితే సాయంత్రమంతా ట్రాఫిక్‌లోనే అయిపోతుంది. ఈ పద్ధతికి అన్నిటికంటే బాగా కుదిరేది సైఫాబాద్, నాంపల్లి వైపు. రవీంద్రభారతి, పబ్లిక్ గార్డెన్స్‌లోని లలిత కళాతోరణం, దాని పక్కనే తెలుగు విశ్వవిద్యాలయం ఎన్టీఆర్ కళామందిరం, ఈ మూడూ దగ్గర దగ్గరే ఉంటాయి. అక్కణ్ణుంచి మొజంజాహీ మార్కెట్, ఆబిడ్స్ ఆటోలో పది పదిహేను నిమిషాలు. మెట్రోలో వచ్చేవాళ్లకు మియాపూర్ నుంచి ఎల్బీనగర్ వెళ్లే లైను సరిపోతుంది. రవీంద్రభారతికి లక్డీకాపూల్‌లో దిగొచ్చు, అసెంబ్లీ స్టేషన్‌లోనూ దిగొచ్చు. పబ్లిక్ గార్డెన్స్‌కు అసెంబ్లీ గానీ నాంపల్లి గానీ. మొజంజాహీ మార్కెట్‌కు గాంధీభవన్ స్టేషన్ నుంచి నడిచి వెళ్లొచ్చు.

ఏ రోజు ఏ నాటకం ఉందో తెలుసుకోవడమే కొత్తవాళ్లకు కష్టం. టికెట్ పెట్టి ఆడేవి బుక్‌మైషోలో కనిపిస్తాయి. తెలుగు నాటకాల్లో చాలావాటికి మాత్రం టికెట్ ఉండదు, ప్రవేశం ఉచితం. కాబట్టి అవి ఆ యాప్‌లో దొరకవు. వాటికోసం తెలుగు పత్రికల సిటీ పేజీల్లో 'నేడు నగరంలో' లాంటి చిన్న కాలమ్ చూడాలి. రవీంద్రభారతి దగ్గర కట్టే బ్యానర్లు చూడాలి, భాషా సాంస్కృతిక శాఖ ప్రకటనలు చూడాలి. ఒక్క నాటకానికి వెళ్లి బయట బల్ల దగ్గర ఉన్న నిర్వాహకులకు మీ నంబర్ ఇస్తే చాలు, ఆ తర్వాత ఆహ్వానాలు వాట్సాప్‌లో వాటంతటవే వస్తాయి. నాటకం వాళ్లకు ప్రేక్షకులంటే ప్రాణం, ఎవరినీ వదులుకోరు.

ఆహ్వానంలో రెండు సంగతులు జాగ్రత్తగా చదవండి. మొదటిది వేదిక. రవీంద్రభారతి అంటే ఒక్క హాలు కాదు. కింద ప్రధాన మందిరం ఉంది, పైన మినీ హాలు, పైడి జైరాజ్ ప్రివ్యూ థియేటర్ ఉన్నాయి. చిక్కడపల్లి త్యాగరాయ గానసభలోనూ అంతే, పెద్ద హాలుతో పాటు కళా సుబ్బారావు కళావేదిక లాంటి చిన్న వేదికలు ఉన్నాయి. వేదిక చూడకుండా వెళ్తే ఒక సన్మాన సభలో అరగంట కూర్చున్నాక గానీ నాటకం పై అంతస్తులో జరుగుతోందని తెలియదు.

రెండోది వేళ. కార్డు మీద ఆరు అని ఉంటే అది జ్యోతి ప్రజ్వలన వేళ. ఆ తర్వాత ప్రసంగాలు, శాలువాలు, జ్ఞాపికలు ఉంటాయి. నాటకం మొదలయ్యేసరికి ఏడు దాటొచ్చు. పాపకు అప్పటికే విసుగొచ్చి, నాటకం మొదలయ్యే వేళకు నిద్రొస్తుంది. నిర్వాహకులకు ఫోన్ చేసి 'కార్యక్రమం ఎన్నింటికి?' అని కాకుండా 'తెర ఎన్నింటికి లేస్తుంది?' అని అడగండి. సరైన జవాబు వస్తుంది. పోటీల్లో, అంటే పరిషత్తు నాటికల్లో, ఈ ఆలస్యం తక్కువ. న్యాయనిర్ణేతలుంటారు, ఒకదాని వెనక ఒకటి ఆడాలి, అందుకే వేళ పాటిస్తారు.

పాపతో మొదటిసారి వెళ్తున్నారు కాబట్టి నా ఓటు సురభికే. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో వనారస గోవిందరావు మొదలుపెట్టిన కుటుంబ నాటక సంప్రదాయం అది. తాతల నుంచి మనవల దాకా అందరూ వేషాలు కడతారు, చిన్నపిల్లల పాత్రలు ఆ ఇంటి పిల్లలే వేస్తారు. గాల్లో ఎదురెదురుగా వచ్చి ఢీకొనే బాణాలు, వేదిక మీద వాన, మంటలు, మేఘాల మీద దిగే నారదుడు, ఘటోత్కచుడి నోట్లోకి ఎగిరొచ్చి పడే లడ్లు, ఇవన్నీ తెర మీది బొమ్మలు కావు. తీగలతో, కప్పీలతో, రంగుల తెరలతో, దీపాలతో మన కళ్లముందే చేస్తారు.

అందుకే సురభికి వెళ్తే మొదటి వరుస కోసం పరుగెత్తకండి. దగ్గర్నుంచి తీగలు కనిపిస్తాయి, తెరల అతుకులు కనిపిస్తాయి, పైనుంచి దిగేవాళ్లను చూడాలంటే మెడ ఎత్తాల్సొస్తుంది. మరీ పక్కకు కూర్చుంటే వింగ్‌లో, అంటే వేదిక పక్క తెరల చాటున నిలబడి తాడు లాగేవాళ్లు కనిపించి మాయ చెదిరిపోతుంది. హాలు మధ్యలో, ఎనిమిదో వరుస నుంచి పన్నెండో వరుస దాకా సరైన చోటు. ఇంకో సంగతి, రాక్షసుల సీన్లలో ఒక్కసారిగా పెద్ద చప్పుడు, పొగ వస్తాయి. ఎనిమిదేళ్ల పిల్లకు అది పండగే. ఐదేళ్ల లోపు పిల్లలు జడుసుకుంటారు, వాళ్లను నడవ పక్క సీట్లో కూర్చోబెట్టుకుంటే లేచి బయటికి తీసుకెళ్లడం సులువు.

మీ అమ్మానాన్నలకు మాత్రం పద్యనాటకం చూపించండి. కృష్ణుడి రాయబారం సీను, హరిశ్చంద్రుడి కాటిసీను లాంటివి ఒక్కో అంకంగానూ ఆడతారు. దీనికి సీటు లెక్క తిరగబడుతుంది, వీలైనంత ముందుకు వెళ్లాలి. పద్యంలో మాట తేటగా వినపడాలి, రాగం తీసేటప్పుడు నటుడి ముఖం కనపడాలి. హార్మోనియం వేదిక పక్కన ఉంటుంది. ఆ వైపు లౌడ్‌స్పీకర్ కింద కూర్చుంటే శ్రుతి పద్యాన్ని మింగేస్తుంది, కాబట్టి అవతలి పక్క ముందు వరుసలు మేలు. మంచి పద్యానికి 'వన్స్‌మోర్' అంటే మళ్లీ పాడటం పాత మర్యాద. పాప అడ్డదిడ్డంగా అరుస్తుందేమోనన్న భయం అక్కర్లేదు, ఇక్కడ మెచ్చుకోలు గట్టిగానే చెప్పాలి. కథ మాత్రం ఇంట్లోనే ముందు చెప్పి తీసుకెళ్లండి. పద్యం అర్థం కాకపోయినా ఎవరు ఎవరిమీద కోపగించుకుంటున్నారో తెలిస్తే పిల్లలు కదలకుండా చూస్తారు.

సాంఘిక నాటికలు సుమారు గంటలో అయిపోతాయి. పరిషత్తులో ఒకే రోజు రెండు మూడు పడతాయి. అన్నీ చూడాలని పట్టుబట్టకండి, ఒకటి చూసి విరామంలో లేచి రావచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. నడుస్తుండగా లేవడమే తప్పు. నాటకం నచ్చితే తర్వాత గ్రీన్‌రూమ్‌కు వెళ్లి నటులను పలకరించండి. మేకప్ తీస్తూనే పిల్లలతో మాట్లాడతారు, కిరీటం పట్టుకుని చూడనిస్తారు. ఆ పది నిమిషాల కోసమైనా మిఠాయి కాస్త ఆలస్యం చేయొచ్చు.

బంజారాహిల్స్‌లోని లామకాన్ వేరే తరహా. 2010 నుంచి నడుస్తున్న ఆరుబయలు వేదిక అది, హిందీ, ఇంగ్లిష్, ఉర్దూ, తెలుగు ప్రయోగాలు అన్నీ పడతాయి. సోమవారం సెలవు. సమోసా, చాయ్ అక్కడే దొరుకుతాయి. పార్కింగ్ తక్కువ, మెట్ల మీద, రాళ్ల మీద కూర్చోవాల్సి రావొచ్చు, వాన పడితే ఇబ్బంది. అమ్మానాన్నలతో కాకుండా మీరు విడిగా వెళ్లడానికి బాగుంటుంది. మాదాపూర్ శిల్పకళావేదిక చాలా పెద్దది, వెనక సీట్లలో ముఖాలు కనపడవు. నాటకానికి అక్కడికి వెళ్తే ముందు వరుసల టికెట్ దొరికినప్పుడే వెళ్లండి.

పెద్దవాళ్ల విషయంలో రెండు జాగ్రత్తలు చాలు. ఏసీ హాళ్లలో చలి ఎక్కువ, ఒక శాలువా ఉండాలి. మోకాళ్ల నొప్పులుంటే పై అంతస్తు హాళ్లకు లిఫ్ట్ పనిచేస్తోందా అని ఆ ఫోన్‌లోనే అడిగేయండి.

ఇక తీపి. ఇంటికి పట్టుకెళ్లేవి నాటకానికి ముందే కొనాలి, అక్కడే తినేవి నాటకం తర్వాత తినాలి. నేతి మిఠాయి దుకాణాలు రాత్రి త్వరగా సర్దేస్తాయి, నాటకం తొమ్మిదిన్నరకు వదిలితే షట్టర్ దించుతుండగా చేరతారు. కాబట్టి పుల్లారెడ్డి నేతి మిఠాయిలు కావాలంటే సాయంత్రం ఐదింటికే ఆబిడ్స్‌లో ఆగండి. ముందే కొనేటప్పుడు పాల సరుకు జోలికి పోవద్దు. కలాకండ్, రసమలై, బెంగాలీ మిఠాయిలు వేసవిలో కారు డిక్కీలో మూడు గంటలుంటే పులిసిపోతాయి. సున్నుండలు, కజ్జికాయలు, నేతి మైసూర్‌పాక్, లడ్డు ఆగుతాయి. పూతరేకులు పాడవవు గానీ నలుగుతాయి. పెట్టె అన్నిటికంటే పైన ఉండాలి, ఒడిలో ఉంటే ఇంకా మేలు. ఇంటికెళ్లాక ఫ్రిజ్‌లో పెట్టకండి, చెమ్మ తగిలితే రేకు సాగుతుంది. బెల్లం రేకులు పంచదారవాటి కంటే త్వరగా చెమ్మ పడతాయి, రెండు మూడు రోజుల్లో తినేయాలి. పెట్టెను హాల్లోకి తీసుకెళ్లి విప్పకండి. అట్టపెట్టె, కవరు చప్పుడు నిశ్శబ్దపు సీనులో పది వరుసల దాకా వినిపిస్తుంది.

నాటకం తర్వాత మొజంజాహీ మార్కెట్ చేరండి. ఏడో నిజాం కొడుకు మొజంజా పేరున 1935లో కట్టిన రాతి మార్కెట్ అది, గడియారం బురుజు దూరం నుంచే కనిపిస్తుంది. లోపలి ఆవరణలో ఫేమస్ ఐస్‌క్రీమ్, దాని పక్క కొట్లు బాగా పొద్దుపోయేదాకా తెరిచే ఉంటాయి. అక్కడ అడగాల్సింది పండు ఐస్‌క్రీమ్, అదీ ఆ కాలపు పండుతో. ఎండాకాలంలో మామిడి, దసరా నుంచి కార్తీకం దాకా సీతాఫలం. గుజ్జు దండిగా ఉండి, నోట్లో చిన్న మంచు పలుకులు తగిలితే అది మంచి సరుకు. కాలం కాని పండు అడిగితే నిల్వ ఉంచిన గుజ్జుతో చేసింది వస్తుంది, రుచి చప్పగా ఉంటుంది. నలుగురూ ఒకే రకం తీసుకోకుండా రెండు రకాలు తీసుకుని పంచుకోండి. త్వరగా కరుగుతుంది, కాబట్టి కుర్చీలు దొరికాకే చెప్పండి.

హైదరాబాదీ తీపి అంటే మాత్రం నా లెక్కలో ఖుబానీ కా మీఠాదే మొదటి స్థానం. ఎండు ఖుబానీలను, అంటే ఆప్రికాట్ పండ్లను, రాత్రంతా నానబెట్టి, గింజలు తీసి, ఆ నీళ్లతోనే సన్నసెగ మీద ఉడికించి చక్కెర వేస్తారు. గింజలు పగలగొట్టి లోపలి పప్పు పైన వేస్తారు, అది బాదంలా ఉంటుంది. మంచిదో కాదో గుర్తుపట్టడం తేలిక. పండు ముక్కలు పలుకుగా కనిపించాలి, తీపి వెనక సన్నని పులుపు తగలాలి. జావలా జారిపోతూ ఒట్టి చక్కెర పాకంలా ఉంటే పండు తక్కువ వేశారని అర్థం. మీగడతో తింటే ఆ పులుపు ఇంకా బాగుంటుంది, వనిల్లా ఐస్‌క్రీమ్‌తో తింటే చల్లదనంలో రుచి అణిగిపోతుంది.

డబుల్ కా మీఠా వేడిగా ఉంటేనే తినండి. బ్రెడ్డు ముక్కలను నేతిలో ఎర్రగా వేయించి, యాలకులు, కుంకుమపువ్వు వేసిన పాకంలో, పాలలో నానబెడతారు. సరిగ్గా వేయించకపోతే ముక్క తడిసిన అట్టలా అవుతుంది. చల్లారితే నెయ్యి గడ్డకట్టి అంగిలికి అంటుకుంటుంది. గంటల తరబడి ట్రేలో ఉన్నదైతే వద్దనేయండి.

చాలామంది దాటేసి పోయేది జౌజీ హల్వా. నాంపల్లి వైపు హమీదీ కన్ఫెక్షనర్స్ దీనికి పేరు. మొలకెత్తించిన గోధుమలు, పాలు, నెయ్యి, చక్కెరతో గంటలకొద్దీ కలుపుతూ చేస్తారు, జాజికాయ వాసన వస్తుంది, జౌజ్ అంటే జాజికాయ, అందుకే ఆ పేరు. ముదురు గోధుమ రంగు, పైన నెయ్యి తేలుతుంటుంది. నలుగురికి నూరు గ్రాములు ధారాళం. ఎక్కువ తింటే వెగటు, తర్వాత ఏమీ తినలేరు. ఇంటికి తెచ్చుకుంటే తినబోయే ముందు కాస్త వెచ్చబెట్టండి.

చిక్కడపల్లి గానసభకు వెళ్తే ఇటంతా రానక్కర్లేదు. చిక్కడపల్లి మెట్రో స్టేషన్ దగ్గరే, హిమాయత్‌నగర్‌లో ఆల్మండ్ హౌస్ కూడా దగ్గరే. అక్కడ పాల మిఠాయిలు బాగుంటాయి. దుకాణంలో తిని, అప్పుడు హాలుకు వెళ్లండి.

కొన్ని రోజులు గుర్తు పెట్టుకోండి. మార్చి 27 ప్రపంచ రంగస్థల దినం, ఏప్రిల్ 16 కందుకూరి వీరేశలింగం జయంతి. ఆ రెండు తేదీల చుట్టూ నాటకాలు ఎక్కువ. జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా నాంపల్లిలో నుమాయిష్ అనే పెద్ద ఎగ్జిబిషన్ ఉంటుంది. ఆ రోజుల్లో సాయంత్రం కారు తీయకుండా మెట్రోనే పట్టుకోండి. మొహర్రం నెలలో నాంపల్లి సుభాన్ బేకరీలో దమ్ కా రోట్ దొరుకుతుంది, గట్టిగా, నేతి వాసనతో ఉండే పెద్ద బిస్కెట్టు. అది వారం పైనే నిల్వ ఉంటుంది, కాబట్టి ముందే కొనుక్కున్నా నష్టం లేదు.

చివరి మెట్రో వేళ మారుతుంటుంది, బయల్దేరే ముందు యాప్‌లో చూసుకోండి. పెద్దవాళ్లలో ఎవరికైనా షుగర్ ఉంటే ఖాళీ కడుపుతో నాటకానికి తీసుకెళ్లి రాత్రి పదింటికి తీపి పెట్టొద్దు. ఐదున్నరకు ఏదైనా టిఫిన్ చేయించి, తర్వాత అందరి ప్లేట్ల నుంచి ఒక్కో చెంచా ఇవ్వండి. అన్నీ రుచి చూసినట్టూ ఉంటుంది, కొలతా దాటదు.