ఉమ్మడి పరిశోధనలో చేరితే విమర్శించే స్వేచ్ఛ పోతుందా?

ప్రశ్న: సామాజిక శాస్త్రంలో పీజీ పూర్తి చేశాను. పీహెచ్‌డీకి రెండు అవకాశాలు వచ్చాయి. మొదటిది ఒక టెక్నాలజీ కంపెనీ నిధులతో నాలుగు విభాగాలు కలిసి చేపట్టిన ప్రాజెక్టు. రెండోది అటువంటి కంపెనీల పనితీరును విమర్శనాత్మకంగా పరిశీలించే ఒక ఆచార్యుల వద్ద, ఫెలోషిప్ లేకుండా, స్వతంత్ర పరిశోధన. మొదటిదానిలో చేరితే నా విమర్శకు పదును పోతుందేమోనని భయంగా ఉంది. ఏది ఎంచుకోవాలి?

జవాబు: మీ భయానికి ఆధారం ఉంది. అయితే నిధులు ఎవరివన్న దానికంటే ముందు, ప్రాజెక్టు ఒప్పందంలో ప్రచురణ గురించి ఏమి రాసి ఉందో చూడండి.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంగణంలో పనిచేసిన బెట్టీ డాంగ్ ఉదంతాన్ని నేను విద్యార్థులకు తరచూ చెబుతుంటాను. 1980ల చివర్లో ఆమె బూట్స్ అనే మందుల కంపెనీ నిధులతో, ఆ కంపెనీ అమ్మే థైరాయిడ్ మందు సింత్రాయిడ్‌ను అంతకంటే చవకగా దొరికే మందులతో పోల్చి చూశారు. కంపెనీ ఆశించినదానికి భిన్నంగా, అన్నీ సమానంగానే పనిచేస్తున్నాయని తేలింది. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రిక ఆ వ్యాసాన్ని స్వీకరించింది కూడా. కానీ కంపెనీ రాతపూర్వక అనుమతి లేనిదే ఫలితాలు ప్రచురించరాదన్న షరతుకు సంతకం అయిపోయి ఉండడం వల్ల, 1995లో అచ్చుకు వెళ్లబోయే దశలో ఆమె దానిని వెనక్కి తీసుకోవలసి వచ్చింది. వ్యాసం 1997లో గాని వెలుగు చూడలేదు. ఆమె పద్ధతిలో లోపం లేదు, ధైర్యానికీ కొరత లేదు. చేతులు కట్టేసింది ఆ ఒక్క వాక్యమే. దత్తాంశంపై పూర్తి పెత్తనం నిధులిచ్చినవారిదైన అధ్యయనాలను, వారు ప్రచురణను ఆపగలిగే అధ్యయనాలను తాము స్వీకరించబోమని 2001లో వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ ప్రకటించడానికి ఇటువంటి అనుభవాలే నేపథ్యం.

కాబట్టి నిధులిచ్చినవారు రాతప్రతిని ముందుగా చదవడానికి నెలా రెండు నెలల గడువు కోరితే అంగీకరించవచ్చు. ఆపే హక్కు కోరితే అంగీకరించకండి.

ఇక రెండో విషయం నా దృష్టిలో ఇంకా ముఖ్యం. కలిసి చేసే పనిలోనే విమర్శకు చోటు ఏర్పరచవచ్చు. హిగ్స్ బోసాన్ అనే మౌలిక కణం అన్వేషణలో అట్లాస్, సీఎంఎస్ అనే రెండు బృందాలు వేర్వేరు పరికరాలతో విడివిడిగా పనిచేసి, 2012లో తమ ఫలితాలను వేటికవే ప్రకటించాయి. ఒకరి పొరపాటు మరొకరి పనిలో బయటపడే ఏర్పాటు అది. మీ ప్రాజెక్టులో అటువంటి ఏర్పాటు ఉందా? పరిశోధన ప్రశ్నలు నిర్ణయించే సమావేశాల్లో సామాజిక శాస్త్రవేత్తలు కూర్చుంటున్నారా, లేక అంతా తయారయ్యాక సామాజిక ప్రభావంపై ఒక అధ్యాయం రాసివ్వడానికి మాత్రమే మిమ్మల్ని తీసుకుంటున్నారా? ఆ అధ్యాయం కోసమే అయితే, ఒప్పందం ఎంత బాగున్నా ఆ స్థానం మీకు తగినది కాదు.

సహరచయితల సంఖ్య గురించి కూడా ఒక మాట. అదే రెండు బృందాలు 2015లో కలిసి వెలువరించిన వ్యాసంలో 5,154 మంది పేర్లున్నాయి. మీ రంగంలో నియామకాల వేళ మీ ఆలోచన ఏదో స్పష్టంగా కనిపించాలి గనుక, పీహెచ్‌డీ కాలంలో కనీసం రెండు వ్యాసాలు మీ ఒక్కరి పేరుతో రావాలి.

మొదటి ప్రాజెక్టులో ఈ షరతులు కుదిరి, రెండో అవకాశంలోని ఆచార్యులు సహ పర్యవేక్షకులుగా ఉండడానికి ఒప్పుకుంటే, మీరు మొదటిదానిలోనే చేరాలన్నది నా అభిప్రాయం. బయట నుంచి చేసే విమర్శకు దొరకని దత్తాంశం, నిర్ణయాలు జరిగే తీరు లోపలి నుంచి మీకు కనిపిస్తాయి. షరతులు కుదరకపోతే రెండోదానికి వెళ్లండి, కాని ఏదో ఒక ఫెలోషిప్ చేతికి వచ్చాకే. పూట గడవని స్థితిలో ఐదేళ్ల పరిశోధన నిలవడం చాలా కష్టం. ఈ వారంలోనే ప్రాజెక్టు బాధ్యులకు మర్యాదగా ఒక లేఖ రాసి, ప్రచురణ హక్కు, దత్తాంశం అందుబాటు, మీ సొంత వ్యాసాలు, సహ పర్యవేక్షణ గురించి అడగండి. రాతపూర్వకంగా జవాబు వచ్చేవరకు సంతకం చేయకండి.