పాఠకుల ప్రశ్నలు: తుపాకీ షాపుకి రూలు, పిల్లాడికి పాఠం

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి సగం తుపాకుల గురించే. పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లు మన హైదరాబాద్‌లో ఎన్ని ఉన్నాయో వేరే చెప్పక్కర్లేదు కదా. అందుకే మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టి వీటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మా అమ్మాయి వాళ్లు నాష్‌విల్ దగ్గర ఉంటారు. మనవడు మూడో తరగతి. స్కూల్లో తుపాకీ గురించి పాఠం చెబుతారని కాగితం పంపారట. ఎక్కాలు నేర్చుకునే వయసులో తుపాకీ పాఠమేంటండీ? మా అమ్మాయేమో "మంచిదే కదమ్మా" అంటోంది. నాకు మాత్రం నిద్ర పట్టడం లేదు. (ఒక అమ్మమ్మ, కూకట్‌పల్లి)

అమ్మా, ముందు ఆ పాఠంలో ఏముందో చెబుతాను, సగం భయం అక్కడే పోతుంది. నాష్‌విల్ ఉన్న టెన్నెసీ రాష్ట్రం 2024లో చట్టం చేసింది, 2025-26 విద్యా సంవత్సరం నుంచి బళ్లలో ఏటా పిల్లల వయసుకి తగ్గట్టు తుపాకీ జాగ్రత్తలు చెప్పాలని. ఆర్కన్సా, యూటా కూడా 2025లో ఇలాంటి చట్టాలే చేశాయి. తుపాకీ పేల్చడం నేర్పరు. టెన్నెసీ చట్టమైతే క్లాసులోకి అసలు తుపాకీ గానీ తూటా గానీ తేకూడదని స్పష్టంగా చెప్పింది, తుపాకీ హక్కుల రాజకీయం కూడా మాట్లాడకూడదంది. చిన్న క్లాసులో చెప్పేది ఇంతే: ఎక్కడైనా తుపాకీ కనబడితే ముట్టుకోకు, అక్కడి నుంచి వచ్చెయ్, వెంటనే పెద్దవాళ్లకి చెప్పు.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. అక్కడి తుపాకీ యజమానుల పెద్ద సంఘం నేషనల్ రైఫిల్ అసోసియేషన్ 1988 నుంచే ఒక గద్ద బొమ్మ పెట్టుకుని చిన్నపిల్లలకి ఇదే చెబుతోంది: ఆగు, ముట్టుకోకు, పరిగెత్తు, పెద్దవాళ్లకి చెప్పు. అవసరం లేదా అంటే ఉంది. 2020లో అమెరికాలో ఏడాది నుంచి 19 ఏళ్ల లోపు పిల్లల మరణాలకి కారణాల్లో కారు ప్రమాదాల్ని దాటి తుపాకీ మొదటి స్థానానికి వచ్చింది. అలాంటి చోట ఉంటున్న పిల్లాడికి ఆ మాట చెప్పకపోవడమే తప్పు. ఇక్కడ మనం "స్విచ్ బోర్డులో వేలు పెట్టకు" అని చెప్పమా, అలాగే అనుకోండి.

మరి నాకు ఇబ్బంది ఎక్కడంటే, పెద్దవాళ్లు ఆ పాఠం మీద ఎక్కువ నమ్మకం పెట్టుకోవడం దగ్గర. అక్కడి పరిశోధకులు నాలుగైదేళ్ల పిల్లలకి ఇలాంటి పాఠమే చెప్పారు. తర్వాత ఏం చెయ్యాలో చెప్పమంటే పిల్లలు గడగడా అప్పజెప్పారు. ఆ తర్వాత ఒక గదిలో పేలకుండా చేసిన అసలు తుపాకీ పెట్టి, పిల్లల్ని ఒంటరిగా వదిలి చాటు నుంచి చూశారు. అప్పజెప్పిన పిల్లల్లో చాలామంది చేతలకి వచ్చేసరికి ఆ పాఠం పాటించలేదు. నోటితో చెప్పించడం కాకుండా నిజంగా చేసి చూపించి, పిల్లలతో మళ్లీ మళ్లీ చేయించినప్పుడు ఫలితం కాస్త మెరుగ్గా ఉంది, కానీ ముప్పై మంది ఉండే క్లాసులో ఏ టీచరు అలా ఒక్కొక్కరి చేత చేయిస్తుంది చెప్పండి. పిల్లలంటే పిల్లలే కదా, వద్దన్నదే ముట్టుకోవాలనిపిస్తుంది. అది వాళ్ల తప్పు కూడా కాదు.

కాబట్టి మీ అమ్మాయి చెయ్యాల్సిన పని స్కూలుకి ఉత్తరం రాయడం కాదు. మనవడు ఆడుకోవడానికి ఎవరెవరి ఇళ్లకి వెళ్తాడో ఆ ఇళ్లవాళ్లని అడగడం. "మీ ఇంట్లో గన్ ఉందా, ఉంటే తాళం వేసి పెడతారా, తూటాలు వేరేచోట ఉంటాయా?" అని. మనవాళ్లకి ఈ ప్రశ్న అడగాలంటే మహా మొహమాటం, "ఏమనుకుంటారో" అని. ఏమీ అనుకోరు. వేరుశనగ అలర్జీ ఉందా అని అడిగినంత మామూలుగా ఇది కూడా అడిగే తల్లిదండ్రులు అక్కడ ఉన్నారు. పిల్లల చేతికి తుపాకీ అందేలా వదిలేస్తే పెద్దవాళ్లని శిక్షించే చట్టం మొదట ఫ్లోరిడాలో 1989లో వచ్చింది, తర్వాత చాలా రాష్ట్రాలు చేశాయి. మిషిగన్‌లో ఇంకా గట్టిగా జరిగింది. 2021 నవంబర్‌లో ఆక్స్‌ఫర్డ్ హైస్కూల్లో ఒక కుర్రాడు నలుగురు తోటి విద్యార్థుల్ని కాల్చి చంపాడు, ఆ తుపాకీ నాలుగు రోజుల ముందు తండ్రి కొనిపెట్టింది. 2024లో కోర్టు తల్లికీ తండ్రికీ విడివిడిగా విచారణ జరిపి ఇద్దరికీ పది నుంచి పదిహేనేళ్ల జైలు వేసింది. నన్నడిగితే ఆ తీర్పు వంద క్లాసుల పెట్టు.

పాఠం వద్దని మాత్రం చెప్పకండి. విననివ్వండి. మీరు వీడియో కాల్‌లో మాట్లాడేటప్పుడు "నాన్నా, గన్ కనబడితే ఏం చేస్తావు?" అని అడగండి, వాడు అప్పజెబితే మెచ్చుకోండి, కానీ అంతటితో నిశ్చింతగా ఉండిపోకండి.

ప్రశ్న: మా వాడు టెక్సాస్‌లో ఎంఎస్ చేస్తున్నాడు. రాత్రి పూట పెట్రోల్ బంకులో పని. సేఫ్టీ కోసం గన్ కొనుక్కుంటానంటున్నాడు, టెక్సాస్‌లో ఎవరైనా కొనుక్కోవచ్చట కదా? (ఒక తండ్రి, మియాపూర్)

ఎవరైనా కాదు సార్. ఈ మాట ముందు మీవాడికి ఫోన్ చేసి చెప్పి, మిగతాది తర్వాత చదవండి. స్టూడెంట్ వీసా అయినా హెచ్‌వన్‌బీ అయినా, అలాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ కొనడం, దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం, అంటే దేశమంతటికీ వర్తించే కేంద్ర చట్టం ప్రకారం నేరం. రాష్ట్రం టెక్సాస్ అయినా సరే. కొన్ని మినహాయింపులున్నాయి, అందులో మనవాళ్లు వాడుకునేది వేట లైసెన్సు. అది ఉంటే కొనొచ్చు. గ్రీన్ కార్డు వస్తే ఈ అడ్డు ఉండదు. వేట లైసెన్సు లేకుండా స్నేహితులతో కలిసి షూటింగ్ రేంజ్‌కి వెళ్లి అద్దె తుపాకీ పట్టుకుని ఇన్‌స్టాలో ఫొటో పెడతారు చూశారా, అది కూడా ఈ నిషేధం కిందికే వస్తుంది. సరదా అనుకుంటారు గానీ తమ మీద సాక్ష్యం తామే పెట్టుకుంటున్నారు.

ఇంకో పిచ్చి సలహా కూడా తిరుగుతూ ఉంటుంది, సిటిజన్ అయిన ఫ్రెండు చేత కొనిపించుకోమని. 2022 చట్టం తర్వాత ఇలా ఇంకొకరి కోసం కొనిపెట్టడానికి పదిహేనేళ్ల దాకా జైలు ఉంది, ఫ్రెండు కూడా పోతాడు. అసలు వేరే మాట చెప్పనా? వేట లైసెన్సు తీసుకున్నా సరే, కౌంటర్ వెనక నిలబడ్డ కుర్రాడు దోపిడీకి వచ్చినవాడి కంటే ముందు గన్ తీయగలడని నేను నమ్మను. రాత్రి షిఫ్టు మానెయ్యమనండి. వీసా రూల్స్ ప్రకారం ఆ పని చేయొచ్చో లేదో అది ఇంకో తలనొప్పి.

ప్రశ్న: మా ఆఫీసులో రోజూ ఇదే వాదన. ఒకడు "గన్ షాపుల్ని బిగిస్తే చాలు" అంటాడు. ఇంకొకడు "నేరం చేసేవాడు ఎలాగైనా తెచ్చుకుంటాడు, షాపు వాణ్ని ఏడిపించి లాభం లేదు, పిల్లలకి సేఫ్టీ నేర్పండి" అంటాడు. మీరేమంటారు? అమెరికాలో షాపులకి అసలు రూల్సే లేవా? (సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మాదాపూర్)

రూల్స్ ఉన్నాయి తమ్ముడూ, బోలెడు. చిల్లులు కూడా ఉన్నాయి. 1968 చట్టం ప్రకారం తుపాకుల వ్యాపారం చేసేవాడికి ఫెడరల్ లైసెన్సు ఉండాలి, వాళ్ల మీద అజమాయిషీ ఏటీఎఫ్ అనే సంస్థది. కొనేవాడు ఒక ఫారం నింపాలి, అబద్ధం రాస్తే అదే నేరం. 1993లో బ్రాడీ చట్టం వచ్చింది, దాని కింద 1998 నుంచి షాపువాడు ఎఫ్‌బీఐ నడిపే వ్యవస్థలో కొనేవాడి చరిత్ర అప్పటికప్పుడు చూడాలి. వినడానికి బావుంది కదా. ఇప్పుడు చిల్లులు వినండి.

మూడు పని దినాల్లో ఎఫ్‌బీఐ నుంచి జవాబు రాకపోతే షాపువాడు అమ్మేసుకోవచ్చు. 2015లో చార్ల్‌స్టన్ చర్చిలో తొమ్మిది మందిని చంపినవాడికి తుపాకీ దొరికింది ఇలాగే, తనిఖీ పూర్తికాక ముందే గడువు దాటిపోయింది. ఇక 1986 చట్టం ఒకటుంది. వారంటు లేకుండా మామూలు తనిఖీకి షాపుకి ఏడాదికి ఒక్కసారికి మించి వెళ్లకూడదని, దేశం మొత్తానికి తుపాకుల రిజిస్టరు పెట్టకూడదని అందులోనే ఉంది. దాంతో నేరంలో దొరికిన తుపాకీ ఎవరిదో తెలుసుకోవాలంటే కంపెనీకి ఫోన్, అక్కడి నుంచి హోల్‌సేలరు, అక్కడి నుంచి షాపు. షాపు మూతపడిపోయుంటే దాని పుస్తకాలు వెస్ట్ వర్జీనియాలో మార్టిన్స్‌బర్గ్ అనే ఊళ్లో ఏటీఎఫ్ కేంద్రంలో ఉంటాయి. స్కాన్ చేసినవాటిలో కూడా పేరు కొట్టి వెతకడానికి వీల్లేకుండా పెట్టారు, చట్టం ఒప్పుకోదు కాబట్టి. మన దగ్గర పోయిన సెల్ ఫోన్‌ని ఇంతకంటే తేలిగ్గా కనిపెడతారేమో! పైగా 2005లో ఇంకో చట్టం వచ్చి, అమ్మిన తుపాకీతో తర్వాత ఎవరో నేరం చేస్తే షాపు మీదా కంపెనీ మీదా దావా వెయ్యడానికి చాలా మటుకు దారులు మూసేసింది. ఇక వ్యాపారి కాని మనిషి తన సొంత తుపాకీ అమ్ముకుంటే ఫెడరల్ చట్టం కింద తనిఖీయే అక్కర్లేదు, కొన్ని రాష్ట్రాలు సొంతంగా పెట్టుకున్నాయి తప్ప. ఎవరిని వ్యాపారి అనాలో 2022లో కాస్త బిగించారు, అంతే.

ఇప్పుడు మీ రెండో మిత్రుడి మాట. "ఎలాగైనా తెచ్చుకుంటాడు" సరే, ఎక్కణ్నుంచి తెచ్చుకుంటాడు? అమెరికాలో నేరస్తుడి చేతిలో ఉన్న తుపాకీ దాదాపు ప్రతీదీ ఒకప్పుడు లైసెన్సున్న షాపు కౌంటరు దాటి వచ్చిందే. తర్వాత దొంగతనం జరిగిందో, ఇంకొకరి పేరు మీద కొన్నారో, చేతులు మారిందో. చట్టం కళ్లారా చూడగలిగిన చోటు ఆ కౌంటర్ ఒక్కటే, దాటిపోయాక ఎవరికీ కనబడదు. అందుకే షాపు వాణ్ని అడగడం ఏడిపించడం కాదు. పెద్దవాడికి అమ్మేటప్పుడు అడగాల్సినవి అడగకుండా, ఎనిమిదేళ్ల పిల్లాడికి "నువ్వు జాగ్రత్తగా ఉండు నాన్నా" అని చెప్పి చేతులు దులుపుకోవడం నాకు నచ్చదు. పాఠం ఉండనివ్వండి, కానీ ముందు కౌంటర్ సంగతి, ఆ తర్వాత బీరువా తాళం సంగతి, ఆఖరున పిల్లాడి సంగతి.

మన దగ్గర కథ పూర్తిగా వేరు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం కొనేవాడికీ లైసెన్సు కావాలి, అమ్మేవాడికీ కావాలి, లైసెన్సు లేనివాడికి డీలరు ఒక్క తూటా అమ్మినా జైలే. 2019 సవరణతో ఒకరి దగ్గర మూడు దాకా ఉండొచ్చన్నది రెండుకి దించారు. హైదరాబాద్‌లో ఈ లైసెన్సు పోలీస్ కమిషనర్ చేతిలో ఉంటుంది, పెద్ద కారణం లేకుండా రాదు. ఎన్నికలొస్తే లైసెన్సున్నవాళ్లని కూడా తుపాకులు తీసుకెళ్లి స్టేషన్లోనో డీలరు దగ్గరో అప్పగించమని పోలీసులు ఆదేశిస్తుంటారు. కానీ మన తలనొప్పి షాపుల్లో లేదు, నాటు తుపాకుల్లో ఉంది. వాటికి డీలరూ లేడు, రిజిస్టరూ లేదు. ఈ వాదనలో ఇండియాని ఉదాహరణగా చూపించేవాళ్లు ఈ ముక్క ఎప్పుడూ వదిలేస్తారు.

ప్రశ్న: నేను సికింద్రాబాద్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో పీటీ టీచర్ని. మన బడుల్లో కూడా ఇలాంటి పాఠం పెట్టాలా? (ఒక ఉపాధ్యాయుడు)

మాస్టారూ, విడిగా పీరియడ్ పెట్టాల్సినంత అవసరం నాకైతే కనబడదు. మన పిల్లల్లో ఎక్కువమందికి ఇంట్లో తుపాకీ కనబడదు. కానీ రెండు విషయాలు అసెంబ్లీలో పది నిమిషాలు చెప్పండి. ఒకటి ఎయిర్ గన్. దాన్ని బొమ్మనుకుంటారు, పిట్టల్ని కొట్టడానికి కొనిస్తారు. శక్తి 20 జౌళ్లు గానీ, బోరు (గొట్టం లోపలి వెడల్పు) 0.177 అంగుళాలు గానీ దాటితే దానికి కూడా లైసెన్సు కావాలి, ఆ లోపున్నది అయినా దగ్గర నుంచి తగిలితే కన్ను పోతుంది, ప్రాణం కూడా పోవచ్చు. రెండోది బరాత్‌లో గాల్లోకి కాల్చే సరదా. 2019 సవరణ తర్వాత అలా నిర్లక్ష్యంగా కాలిస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. గాల్లోకి పోయిన తూటా కిందికి రాదా? ఈ ముక్క పిల్లలకంటే వాళ్ల మావయ్యలకి చెప్పాలనుకోండి, అది వేరే సంగతి.

మీకు నిజంగా క్రమశిక్షణ చూపించాలని ఉంటే ఎన్‌సీసీ పిల్లల్ని ఫైరింగ్‌కి తీసుకెళ్లినప్పుడు చూడండి, లేదా రైఫిల్ రేంజ్‌కి ఒకసారి తీసుకెళ్లండి. షూటర్ గగన్ నారంగ్ పెరిగిన ఊరు మనది, 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చాడు, షూటర్ ఈషా సింగ్ కూడా మన హైదరాబాద్ అమ్మాయే. రేంజ్‌లో గురి కంటే ముందు నేర్పేది గొట్టం ఎటు తిరిగి ఉండాలి, వేలు ట్రిగ్గర్ మీదికి ఎప్పుడు రావాలి అనేవే. కాల్చనంతసేపూ గొట్టంలోంచి రంగు తీగ ఒకటి బయటికి కనబడాలి, లోపల గుండు లేదని పక్కవాడికి తెలియడానికి. కోచ్ ఎదురుగా ఉండి, తప్పు చేస్తే వెంటనే లైన్లోంచి బయటికి పంపేస్తాడు. పైన చెప్పిన క్లాసురూం పాఠంలో లేనిది అదే.

ప్రశ్న: మా నాన్నగారు పోయి ఏడాదైంది. ఆయన పేరు మీద పన్నెండు బోరు తుపాకీ ఉంది, అటక మీద పెట్టెలో అలాగే ఉంది. మనవలు అటక ఎక్కుతుంటారు. ఏం చెయ్యాలి? (హిమాయత్‌నగర్)

ఏడాదా! లైసెన్సు ఆయన పేరు మీద ఉంది కాబట్టి ఆయన పోయాక అది మీ దగ్గర ఉండటమే చట్టవిరుద్ధం అవుతుంది. ఆలస్యం చెయ్యకుండా దగ్గర్లోని పోలీస్ స్టేషన్లో గానీ లైసెన్సున్న డీలరు దగ్గర గానీ అప్పగించాలి. జ్ఞాపకంగా ఉంచుకోవాలంటే 2016 ఆయుధాల రూల్స్‌లో వారసులకి లైసెన్సు ఇచ్చే వీలుంది, అప్పగించాక కమిషనర్ ఆఫీసులో దరఖాస్తు పెట్టుకోండి. నాన్నగారి లైసెన్సు పుస్తకం, మరణ ధ్రువపత్రం, మిగతా వారసుల దగ్గర అభ్యంతరం లేదని కాగితం ముందే సిద్ధం చేసుకోండి.

లోపల తూటా ఉందో లేదో మీరే తెరిచి చూడబోకండి. బండి మీద పెట్టుకుని స్టేషన్‌కి బయల్దేరకండి కూడా. ముందు స్టేషన్‌కి ఫోన్ చేసి సంగతి చెప్పండి, ఎలా తేవాలో వాళ్లు చెబుతారు, లేదా ఎవరినైనా పంపిస్తారు. అటక నిచ్చెన మాత్రం ఈ రోజే తీసేయండి.