ఐదో నెల, హిమోగ్లోబిన్ 8.6. ఐరన్ బిళ్ల పడటం లేదు, దానిమ్మ, బీట్‌రూట్‌తో సరిపోతుందా?

సరిపోదు చెల్లీ, బిళ్ల మానకు. బిళ్ల వేసుకోగానే కడుపులో తిప్పుతోందనీ, అత్తగారు జ్యూసులు చాలంటున్నారనీ రాశావు. నా మొదటి కాన్పుకి నాకూ ఐదో నెలలోనే ఇంచుమించు ఇంతే ఉంది, మా ఇంట్లోనూ అందరిదీ దానిమ్మ మాటే.

దానిమ్మ గింజలు వంద గ్రాములు తిన్నా అందులో ఐరన్ అర మిల్లీగ్రాము కూడా ఉండదు. బీట్‌రూట్‌లో ఒక మిల్లీగ్రాము లోపే. రంగు ఎర్రగా ఉందని రక్తం పట్టదు. ఆశా అక్క ఇచ్చే ఎర్ర బిళ్ల ఒక్కదానిలో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 కన్నా తక్కువుంటే రక్తహీనత కింద లెక్క. 7 నుంచి 10.9 మధ్య ఉన్నవాళ్లకి ప్రభుత్వ పద్ధతి ప్రకారం రోజుకి రెండు బిళ్లలు ఇచ్చి, నెల నెలా పరీక్ష చేస్తారు. నెలకి కనీసం ఒక గ్రాము పెరగాలి. నీకు ఎన్ని రాశారో చీటీ చూసుకో, సొంతంగా పెంచకు.

అసలు సంగతి ఎప్పుడు వేసుకుంటున్నావన్నది. పొద్దున టిఫిన్ తిని, టీ తాగి, ఐరన్, కాల్షియం రెండూ ఒకేసారి మింగేస్తే ఐరన్ ఒంటికి సరిగా పట్టదు. టీ, కాఫీ, పాలు, కాల్షియం అన్నీ దానికి అడ్డం పడేవే. పాలతో మింగమని చెప్పేవాళ్లుంటారు, వినకు. నేను కాల్షియం పొద్దున, మధ్యాహ్నం తిన్నాక వేసుకుని, ఐరన్ రాత్రికి మార్చుకున్నాను. అన్నం తిన్న రెండు గంటలకి, నిమ్మకాయ నీళ్లతో, పడుకునే ముందు. నిద్ర పట్టేస్తే ఆ తిప్పుడు తెలిసేది కాదు. అప్పటికీ పడకపోతే తిన్న గంటకే వేసుకో. కొంచెం తక్కువ పట్టినా అసలు మానేయడం కన్నా మేలు. నాకు మలబద్ధకం కూడా ఎక్కువైతే డాక్టరమ్మ ఫెర్రస్ సల్ఫేట్ తీసేసి ఫెర్రస్ ఆస్కార్బేట్ రాశారు, అది పడింది. నువ్వూ అడుగు. విరేచనం నల్లగా వస్తే భయపడకు, ఐరన్ వల్లే. బిడ్డ నల్లగా పుడుతుందన్న మాటకి ఆధారమే లేదు.

ఇంకోటి, పచ్చి బియ్యం, బలపాలు, మట్టి తినాలనిపిస్తోందా? నేను బియ్యం డబ్బా దగ్గరే నిలబడేదాన్ని. సిగ్గుపడి దాచకు, ఐరన్ తగ్గితే చాలామందికి అలా అనిపిస్తుంది. డాక్టర్‌కి చెప్పు. నులిపురుగుల బిళ్ల, ఆల్బెండజోల్, మూడో నెల దాటాక ఒక్కసారి ఇస్తారు. ఇచ్చారో లేదో కనుక్కో.

తిండి వద్దనడం లేదు. తోటకూర, మునగాకు, శనగలు, ఉలవలు తిను, పైన నిమ్మకాయ పిండుకో. జామకాయ మంచిది. మాంసం తినే ఇల్లయితే ఇంకా నయం, అందులోని ఐరన్ ఒంటికి తేలిగ్గా పడుతుంది. కాలేయం మాత్రం గర్భంతో ఉన్నప్పుడు ఎక్కువ తినకు, విటమిన్ ఎ మోతాదు మించుతుంది. అంగన్‌వాడీలో ఇచ్చే గుడ్డు వదులుకోకు.

నెల రోజులు సరిగ్గా వేసుకున్నా పెరగకపోతే ఊరుకోవద్దు. విటమిన్ బి12, తలసీమియా (వంశపారంపర్యంగా వచ్చే రక్త జబ్బు) పరీక్షలు చేయాలా అని అడుగు. తలసీమియా జన్యువు నీలో ఉందంటే మీ ఆయనకీ పరీక్ష చేయించాలి. బిళ్లలతో లాభం లేకపోతే, లేదా 7 కన్నా దిగితే, సెలైన్‌లో ఐరన్ ఎక్కిస్తారు. మా ఆడపడుచుకి ఏడో నెలలో అలాగే ఎక్కించారు, తేలిగ్గా కోలుకుంది.

నువ్వొక్కదానివే అనుకోకు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలోని గర్భిణుల్లో 52.2 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. కాన్పయ్యాక కూడా 180 రోజులు బిళ్లలు వాడాలి, చాలామంది అక్కడే ఆపేస్తారు. కూర్చున్నా ఆయాసం వస్తుంటే, గుండె దడగా ఉంటే, కళ్లు తిరిగి పడిపోతే మాత్రం వచ్చే చెకప్ దాకా ఆగకు, ఆరోజే ఆసుపత్రికి వెళ్లు.